ఒక గ్రీకు పల్లె, దాని పాలన

గ్రీసు అనగానే మన విద్యాధికులకు గుర్తు వచ్చేది ఏథెన్సు నగరం: అక్కడి పౌరసభ, అక్కడి తత్వవేత్తలు, అక్కడి నాటకకర్తలు. అలెగ్జాండరు బియాస్ నది దగ్గర నుంచి వెనక్కు మళ్ళిన తర్వాత మన పాఠ్యపుస్తకాల్లో గ్రీసు మాయమవుతుంది. ఆ తర్వాత రెండువేల సంవత్సరాలకు పైగా ఆ కొండల్లో జనం బ్రతికారనీ, మేకలు కాచుకున్నారనీ, పన్నులు కట్టారనీ, తిరగబడ్డారనీ మనం చదువుకోము. ప్రజాస్వామ్యం ఏథెన్సులో పుట్టిందని మాత్రం వల్లె వేస్తాము. ఆ పౌరసభలో స్త్రీకి చోటు లేదు, బానిసకు చోటు లేదు, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాడికీ చోటు లేదు. ఆధునిక గ్రీసు చరిత్రలో స్త్రీపురుషులు సమానంగా వోటువేసి ఎన్నుకున్న మొట్టమొదటి జాతీయసభ సమావేశమైంది ఏథెన్సులో కాదు. 1944 మే నెలలో, కొరిస్ఖాదెస్ అనే ఒక చిన్న కొండపల్లెలోని బడి భవనంలో.

కొరిస్ఖాదెస్ మధ్య గ్రీసులోని ఎవ్రితానియా ప్రాంతంలో వున్నది. కార్పెనీసి అనే పట్టణానికి కొద్ది మైళ్ళ దూరం. చుట్టూ దేవదారు జాతి చెట్లతో నిండిన కొండలు. రాతి గోడల ఇళ్ళు. సాగుకు పనికివచ్చే నేల అంతంతమాత్రం. ఈ ప్రాంతం తన బిడ్డలను పోషించుకోలేక తరతరాలుగా వలస పంపుతూ వచ్చింది. తొలుత కాన్‌స్టాంటినోపుల్‌కు, తర్వాత అమెరికాకు, చివరకు ఏథెన్సుకు. ఇటువంటి పల్లె పాలన చరిత్రను మనం ఎందుకు పరిశీలించాలి? రాజ్యం అనేది ఏమిటో రాజధానిలో కంటే పల్లెలో స్పష్టంగా కనిపిస్తుంది గనుక. రాజధానిలో రాజ్యానికి ఎన్నో ముసుగులు వుంటాయి. పల్లెలో అది పన్ను వసూలుదారుగా, పోలీసుగా, న్యాయస్థానపు నోటీసుగా తలుపు తడుతుంది.

గ్రామపాలన ఏదైనా సరే, దాన్ని నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఎవరు ఎంత పన్ను కట్టాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? తగవు వస్తే తీర్పు ఎవరు చెబుతున్నారు? సభలో నోరు విప్పే హక్కు ఎవరికి వున్నది? ఆ పాలన ఏ భాషలో నడుస్తున్నది? ఈ ప్రశ్నలు వేయకుండా ప్రాచీన గ్రామ స్వాతంత్ర్యం అనీ, సామూహిక జీవితం అనీ పరవశించడం చరిత్ర కాదు.

ఎవ్రితానియా ఉత్తరభాగాన్ని అగ్రఫా అంటారు. ఆ మాటకు అర్థం 'వ్రాయబడనిది' అని. ఒట్టోమన్ సుల్తానుల పన్ను దస్తరాల్లోకి ఎక్కని కొండలు గనుక ఆ పేరు వచ్చిందని జనశ్రుతి. సైన్యాన్ని పంపి ఆ కొండల్లో పన్ను వసూలు చేయడం కంటే ఊళ్ళన్నీ కలిసి ఒక మొత్తం చెల్లించేట్టు ఒప్పందం చేసుకోవడం సుల్తానుకు చౌక. ఆ విధంగా గ్రామ సముదాయాలకు తమ లోపలి వ్యవహారాలు తామే చూసుకునే వీలు కలిగింది. గ్రీకులో ఈ సముదాయాన్ని 'కినోతిత' అంటారు. సుల్తాను కాలంలో కినోతితకు పెద్దలు వుండేవారు. ఊరిమీద పడ్డ పన్నును ఇంటింటికీ పంచేది వాళ్ళు, చిన్న తగవులు తీర్చేది వాళ్ళు, పాషాల దగ్గరకు పోయి మొరపెట్టుకునేదీ వాళ్ళే.

గ్రీకు జాతీయవాద చరిత్రకారులు కొందరు దీనిని ప్రజాస్వామ్యంగా వర్ణించారు. ప్రాచీన ఏథెన్సు దీపం ఈ పల్లెల్లో ఆరిపోకుండా మినుకుమినుకుమంటూ వచ్చిందని వాళ్ళ వాదం. మన నాలుగు ప్రశ్నలు వేస్తే ఈ వాదం నిలబడదు. పన్ను మొత్తాన్ని నిర్ణయించేది సుల్తాను. దాన్ని పంచే అధికారం ఊరి పెద్దలది. ఆ పెద్దలు ఎవరు? మందలున్నవాళ్ళు, వ్యాపారం చేసేవాళ్ళు, బీదవాడికి పన్ను బాకీకింద అప్పు పెట్టగలవాళ్ళు. వీళ్ళలో బలిసినవాళ్ళను 'కొజాబాషీలు' అన్నారు. వాళ్ళను జనం తురకల కంటే తక్కువగా ఏమీ ద్వేషించలేదు. స్వపరిపాలన అనే గిన్నె వుండవచ్చు. అందులో పోసినది ఏమిటన్నది వేరే సంగతి. అయితే ఆ గిన్నె వున్నదన్న సంగతిని కూడా కొట్టిపారవేయడానికి వీల్లేదు. ఊరి పని ఊరు కూర్చుని మాట్లాడుకోవచ్చునన్న అలవాటు ఆ కొండల్లో మిగిలివున్నది. అది తర్వాత పనికివచ్చింది.

1821లో స్వాతంత్ర్య యుద్ధం మొదలయింది. ఈ కొండలు ఆ యుద్ధంలో తమ వంతు రక్తం చిందించాయి. వీరుడు మార్కోస్ బొత్సారిస్ 1823లో కార్పెనీసి దగ్గరి పోరులోనే చనిపోయాడు. యుద్ధం గెలిచిన తర్వాత వచ్చినది రైతు రాజ్యం కాదు. యూరపు పెద్ద రాజ్యాలు కలిసి బవేరియా రాజకుమారుడు ఒట్టోను తెచ్చి సింహాసనం ఎక్కించాయి. అతను మైనరు గనుక బవేరియా దొరలే రాజప్రతినిధులై 1833లో స్థానికపాలన చట్టం చేశారు. పాత కినోతితలను రద్దుచేసి, అనేక ఊళ్ళను కలిపి 'దీమోస్' అనే పెద్ద విభాగాలు ఏర్పరచారు. పేరు ప్రాచీన ఏథెన్సుది, పద్ధతి పాశ్చాత్య కేంద్రీకృత రాజ్యానిది. వోటు ఆస్తిపరులకు పరిమితం. ఎన్నికైన అభ్యర్థులలోంచి మేయరును ఎంపిక చేసేది పై అధికారం. సుల్తాను కొండల జోలికి పోకుండా వదిలిపెట్టిన మేరను కూడా స్వతంత్ర గ్రీకు రాజ్యం స్వాధీనం చేసుకున్నది. విదేశీపాలన పోయినంత మాత్రాన పల్లెకు అధికారం రాదన్నది దీనివల్ల తెలుస్తున్నది.

1864 రాజ్యాంగం వయోజన పురుషులకు వోటు హక్కు ఇచ్చింది. 1912లో వెనిజెలోస్ ప్రభుత్వం కొత్త చట్టం చేసి కినోతితలను తిరిగి పుట్టించింది. మూడువందల జనాభా, ఒక ప్రాథమిక పాఠశాల వుంటే చాలు, ఆ ఊరు ప్రత్యేక సముదాయంగా గుర్తింపు పొందవచ్చు. ఇది నిజంగా ముందడుగు. దీమోస్ మేయర్ల చుట్టూ అల్లుకున్న పాత రాజకీయ ముఠాల పట్టును సడలించడం వెనిజెలోస్‌కు అవసరం. ఎదిగివస్తున్న బూర్జువావర్గానికి పల్లెలో తన మనుషులు కావాలి. ఉద్దేశం ఏదైనప్పటికీ వేలాది పల్లెలకు తమ సొంత కౌన్సిలు, సొంత అధ్యక్షుడు లభించారు. కాని పన్నును నిర్ణయించేది ఏథెన్సు, తీర్పు చెప్పేది పట్టణంలోని న్యాయస్థానం, వోటు మగవాళ్ళకు మాత్రమే. 1930లో చదువు వచ్చిన ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలకు స్థానిక ఎన్నికలలో వోటు ఇచ్చారు గాని, పల్లెలో చదువు వచ్చిన స్త్రీలు ఎందరు? 1936 ఆగస్టు 4న మెటాక్సాస్ నియంతృత్వం రావడంతో ఆ మిగిలిన ఎన్నికలు కూడా పోయాయి. గ్రామాధ్యక్షులు నియామకాల మీద వచ్చారు.

ఆనాటి న్యాయం ఎట్లా వుండేదో గుర్తు తెచ్చుకోవాలి. మేక పొలంలో పడి మేసిందని తగవు వస్తే, గట్టు జరిపాడని తగవు వస్తే, రైతు పట్టణానికి నడవాలి, స్టాంపులు కొనాలి, వకీలును పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి. తీరా న్యాయమూర్తి చదివే తీర్పు అతనికి అర్థం కాదు. అది 'కథరెవుసా' అనే శిష్టభాషలో వుంటుంది. ప్రాచీన గ్రీకును ఆదర్శంగా పెట్టుకుని పండితులు తయారుచేసిన భాష అది. 1911 రాజ్యాంగం రాజ్యపు అధికారభాషకు ప్రత్యేక రక్షణ కూడా కల్పించింది. జనం మాట్లాడేది 'దిమోతికి'. గ్రాంథిక వ్యావహారిక వివాదం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. ఒక్క భేదం గుర్తించాలి: అక్కడ ఈ వివాదం పాఠ్యపుస్తకాలతో ఆగలేదు, న్యాయస్థానపు బోనుదాకా పోయింది. తనమీద వేసిన నేరం ఏమిటో తన భాషలో వినే హక్కు రైతుకు లేకపోయింది.

1941 ఏప్రిల్‌లో హిట్లరు సేనలు గ్రీసును ఆక్రమించాయి. జర్మనీ, ఇటలీ, బల్గేరియా దేశాన్ని పంచుకున్నాయి. ఆ శీతాకాలంలో వచ్చిన కరువు మొదటి దెబ్బ నగరాల మీద పడింది. ఆక్రమణ కాలంలో ఆకలివల్ల చనిపోయినవారు మూడు లక్షలదాకా వుంటారని చరిత్రకారుల అంచనా. రాజు, ప్రభుత్వం దేశం వదిలి పారిపోయారు. ఏథెన్సులో ఆక్రమణదారుల చేతికింది ప్రభుత్వం వెలిసింది. 1941 సెప్టెంబరు 27న కమ్యూనిస్టులు, సోషలిస్టులు, వ్యవసాయకపక్షంవారు కలిసి 'ఎయామ్' అనే జాతీయ విముక్తి సంఘటనను స్థాపించారు. 1942 జూన్ 7న ఎవ్రితానియాలోని దొమ్నిస్తా పల్లెలో ఆరిస్ వెలుఖియోతిస్ చిన్న దళంతో ప్రవేశించి సాయుధ ప్రతిఘటనను ప్రకటించాడు. ప్రజా విముక్తి సైన్యం 'ఎలాస్' ఆ విధంగా బహిరంగంగా రంగంలోకి దిగింది. నెలలు గడిచేకొద్దీ కొండల్లోని పోలీసు ఠాణాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వాటితో పాటు పాత రాజ్యమూ పోయింది.

పోలీసు పోయిన ఊళ్ళో ఏం జరుగుతుంది? దొంగతనాలు వుంటాయి, మేత తగాదాలు వుంటాయి, బడికి పంతులు కావాలి, తిండిలేని ఇంటికి గింజలు కావాలి. ఎవ్రితానియా ఉత్తరాన వున్న క్లిత్సోస్ అనే పల్లె ఈ ప్రశ్నకు మొదట జవాబు వెతికింది. అక్కడ 1942 చివరినాటికి ప్రజాపాలనకూ ప్రజాన్యాయానికీ సంబంధించిన నిబంధనలు కాగితం మీదికి వచ్చాయి. వాటికి 'పొసిదోన్ స్మృతి' అనే పేరు నిలిచింది. దానిని రూపొందించడంలో ముఖ్యపాత్ర వహించిన యియోర్గూలాస్ బేకోస్ ఆ ఊరివాడే. తర్వాత దశాబ్దాలకు అతనే ఆ ప్రజాపాలన చరిత్రను రెండు సంపుటాలుగా వ్రాశాడు. క్లిత్సోస్ పద్ధతి పక్క ఊళ్ళకు పాకి, 1943లో మరింత విస్తృతమైన నిబంధనలుగా మారి, విముక్త ప్రాంతాలన్నిటికీ వ్యాపించింది.

ఆ పద్ధతి సారాంశం చాలా సరళమైనది. ఊరికి పెద్ద అధికారం ఊరి సాధారణసభ. అందులో యుక్తవయస్సు వచ్చిన స్త్రీపురుషులందరూ సభ్యులు. సభ ఒక చిన్న కమిటీని ఎన్నుకుంటుంది. దానికింద ఆహారానికి, బడికి, చర్చికి, రక్షణకు ఉపసంఘాలు వుంటాయి. న్యాయస్థానాన్ని కూడా సభే ఎన్నుకుంటుంది. తీర్పరులు ఆ ఊరి రైతులే. వకీళ్ళు లేరు, స్టాంపులు లేవు, రుసుము లేదు. విచారణ అందరి ముందు జరుగుతుంది, జనం భాషలో జరుగుతుంది. మొదట రాజీకి ప్రయత్నం, అది కుదరకపోతే తీర్పు. పట్టణంలో ఏళ్ళ తరబడి నలిగే గట్టు తగాదా ఇక్కడ ఒక పూటలో తేలిపోయేది. గట్టు ఎక్కడుండేదో సభలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు గనుక అబద్ధమాడడం కూడా కష్టమే.

ఇందులో చర్చికి ఉపసంఘం వుండడం కొందరికి వింతగా తోచవచ్చు. వింతేమీ లేదు. అవి కొత్తగా గాలిలోంచి ఊడిపడ్డ సంస్థలు కావు. ఊరు ఎరిగిన పాత కినోతిత పనులనే తీసుకుని వాటిని పెద్దల చేతుల్లోంచి అందరి చేతుల్లోకి మార్చిన సంస్థలు. కొజాబాషీ కూర్చున్న చోట సభ కూర్చున్నది. విప్లవం పాత రూపాలను ఎట్లా వాడుకుంటుందో దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

1944 మార్చి 10న ఎవ్రితానియాలోని వినియాని పల్లెలో జాతీయ విముక్తి రాజకీయ సంఘం ఏర్పడింది. జనం దాన్ని కొండ ప్రభుత్వమని పిలిచారు. మొదటి అధ్యక్షుడు ఎవ్రిపిదిస్ బకిర్జిస్ అనే సైనికాధికారి. ఏప్రిల్‌లో ఆ పదవిని ఏథెన్సు విశ్వవిద్యాలయంలో రాజ్యాంగశాస్త్రం బోధించిన అలెగ్జాండ్రోస్ స్వోలోస్ స్వీకరించాడు. అతను కమ్యూనిస్టు కాడు, సోషలిస్టు. వ్యవసాయం కోస్తాస్ గావ్రిలీదిస్ అనే రైతునాయకుడికి, విద్య పెత్రోస్ కొక్కలిస్ అనే శస్త్రవైద్యుడికి, ఆంతరంగిక వ్యవహారాలు కమ్యూనిస్టు నాయకుడు యియోర్గోస్ సియాంతోస్‌కు అప్పగించారు. ఏప్రిల్ 23న జాతీయసభకు ఎన్నికలు ప్రకటించారు. పద్ధెనిమిదేళ్ళు నిండిన స్త్రీపురుషులందరికీ వోటు. విముక్త ప్రాంతాల్లో బహిరంగంగాను, శత్రువు చేతిలో వున్న నగరాల్లో రహస్యంగాను వోట్లు పడ్డాయి. పదిహేను లక్షలకు మించి వోటు చేశారని సంఘటన ప్రకటించింది. తుపాకుల నీడలో జరిగిన ఎన్నిక గనుక ఆ అంకెను ఎవరూ ధ్రువీకరించలేరు. కాని 1936 ఎన్నికల్లో పురుషులు మాత్రమే వేసిన వోట్లు పన్నెండున్నర లక్షల పైచిలుకు అన్నది గుర్తుంచుకుంటే, ఆ ప్రకటనలో వాస్తవం ఎంత తగ్గించినా ఎన్నిక ఉత్త బూటకమని కొట్టివేయడం సాధ్యంకాదు.

మే 14న కొరిస్ఖాదెస్ బడిలో సభ ప్రారంభమై 27వరకు నడిచింది. రైతులు, కార్మికులు, ఉపాధ్యాయులు, సైనికాధికారులు, 1936 నాటి పార్లమెంటు సభ్యులు కొందరు, క్రైస్తవ మతాచార్యులు అందులో వున్నారు. కొజానీ మతాచార్యుడు యోఅకీమ్ వారిలో ఒకరు. ఐదుగురు స్త్రీలు సభ్యులుగా కూర్చున్నారు. స్త్రీల హక్కులకోసం ఏళ్ళ తరబడి పనిచేసిన మరియా స్వోలు వారిలో ప్రముఖురాలు. సభ చేసిన మౌలిక తీర్మానంలోని అంశాలు ఇవి: అధికారాలన్నిటికీ మూలం ప్రజలు, వాటిని నడిపేదీ ప్రజలే. స్థానిక స్వపరిపాలన, ప్రజాన్యాయం దేశ ప్రజాజీవితానికి పునాది సంస్థలు. స్త్రీపురుషులకు రాజకీయ, పౌర హక్కులు సమానం. శ్రమ సమాజంలో మౌలికమైన ధర్మం. ప్రజాజీవితంలోను, విద్యలోని అన్ని దశలలోను అధికారభాష ప్రజల భాష. క్లిత్సోస్ సభ మొదలుపెట్టిన పని ఏడాదిన్నర తిరగకుండానే రాజ్యాంగసూత్రమయింది. సాధారణంగా రాజధానిలో చట్టం చేసి పల్లెమీద రుద్దుతారు. ఇక్కడ పల్లె ఆచరణ రాజ్యానికి చట్టమయింది.

భాషను గురించిన తీర్మానాన్ని అలంకారంగా భావించరాదు. కొండ ప్రభుత్వం తన శాసనాలను ప్రజల భాషలోనే వ్రాసింది. పిల్లలకు 'గద్దపిల్లలు', 'స్వేచ్ఛా గ్రీసు' అనే అర్థంవచ్చే పేర్లతో వాచకాలు అచ్చువేసింది. ప్రముఖ విద్యావేత్త రోజా ఇంవ్రియోతి కార్పెనీసిలో ఉపాధ్యాయ శిక్షణను నడిపింది. వసీలిస్ రోతాస్ నాటకబృందం ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది. తిండికే కటకటగా వున్న కాలంలో వాచకాలు అచ్చువేయడమేమిటని అడిగేవారికి సమాధానం ఒకటే: సభలో నిలబడి లెక్క అడగాలంటే ముందు లెక్క చదవడం రావాలి. ఆ చదువు తన మాటలో వుండాలి.

పన్ను సంగతికి వద్దాము. ద్రహ్మా విలువ అప్పటికి గాలిలో కలిసిపోయింది. ఎంతగానంటే, 1944 నవంబరులో ఐదువేల కోట్ల పాత ద్రహ్మాలకు ఒక కొత్త ద్రహ్మా ఇవ్వవలసి వచ్చింది. అటువంటి స్థితిలో కొండ ప్రభుత్వం పంటలో భాగాన్ని ధాన్యరూపంలోనే పన్నుగా తీసుకున్నది. ఋణపత్రాలను గోధుమల తూకంలో జారీచేసింది. ఐదు, ఇరవైయైదు, నూరు ఒకాల గోధుమల విలువగల పత్రాలు. కాగితానికి విలువ పోయినప్పుడు ధాన్యానికి విలువ వుంటుందన్న రైతు ఇంగితం ప్రభుత్వ ఆర్థికవిధానమయింది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఆ రెండేళ్ళను స్వర్ణయుగంగా చిత్రించడం మన పని కాదు. అభ్యుదయ చరిత్రకారుడికి తనవాళ్ళ లోపాలు చూడడానికి కూడా కళ్ళుండాలి. సాధారణసభకు ముందే ఎవరిని ఎన్నుకోవాలో పార్టీ శాఖ నిర్ణయించిన ఊళ్ళున్నాయి. ఒకే జాబితా వున్నచోట ఎన్నిక ఆమోదంగా మారుతుంది. గట్టు తగాదాలు తీర్చిన న్యాయం వేరు. ద్రోహి అన్న ముద్రవేసి ప్రాణం తీసిన న్యాయం వేరు. రెండవదానిలో అన్యాయంగా చనిపోయినవారున్నారు. ఏప్రిల్ 17న, అంటే జాతీయసభ ఎన్నికలకు సరిగ్గా ఆరురోజుల ముందు, మరొక ప్రతిఘటనా దళానికి నాయకుడైన కర్నల్ ప్సారోస్‌ను ఎలాస్ మనుషులు చంపారు. శత్రువుతో పోరాడుతున్న తోటి దేశభక్తుడి హత్యకు ఏ సిద్ధాంతమూ సమర్థన కాజాలదు. దానివల్ల ప్రత్యర్థులకు ఆయుధం దొరికింది, సంఘటన వెలుపల వున్న దేశభక్తుల మనస్సు విరిగింది.

అయితే ఈ లోపాలు చూపి మొత్తం ప్రయత్నాన్నే బయటి దేశపు కుట్రగా చిత్రించే వాదం ఒకటి పుట్టి, దశాబ్దాలపాటు గ్రీసులో అధికార చరిత్రగా చెలామణీ అయింది. క్లిత్సోస్ రైతుకు గట్టు తగాదా తీర్చుకోవడం మాస్కో నేర్పవలసిన అవసరం లేదు. దీనికి ఎదురుగా అంతా పార్టీయే చేసిందనే భక్తివాదం వున్నది. అదీ పొరబాటే. పార్టీ లేకపోతే క్లిత్సోస్ అనుభవం క్లిత్సోస్‌లోనే ఆగిపోయేది. రైతుల అలవాటు, అవసరం లేకపోతే పార్టీ తీర్మానం కాగితంగానే మిగిలేది. రెండూ కలిసినచోట కొత్త సంస్థ పుట్టింది. పార్టీ తన చేతిని సభ భుజంమీద నుంచి తీయలేని చోట అది చిక్కిపోయింది.

కొరిస్ఖాదెస్‌లో సభ నడుస్తున్న రోజుల్లోనే, మే 17 నుంచి 20వరకు, లెబనాన్‌లో ఇంకొక సమావేశం జరిగింది. బ్రిటిషువారి పెద్దరికం కింద ప్రవాస ప్రభుత్వ ప్రధాని పపాంద్రేవు దానిని నడిపాడు. స్వోలోస్ ప్రతినిధి వర్గంతో అక్కడికి పోయి ఒప్పందంపై సంతకం పెట్టాడు. బడిలోని సభ రాజ్యాంగ సూత్రాలు నిర్ణయిస్తుండగా గ్రీసులో అధికారం ఎవరిదన్న సంగతి దేశం బయట బేరమవుతున్నది. ఆగస్టులో జర్మనులు కార్పెనీసిని తగలబెట్టారు. సెప్టెంబరులో కొండ ప్రభుత్వ ప్రతినిధులు జాతీయ ఐక్య ప్రభుత్వంలో చేరారు. అక్టోబరులో ఏథెన్సు విముక్తమయింది. నవంబరులో కొండ ప్రభుత్వం రద్దయింది. డిసెంబరులో ఏథెన్సు వీధుల్లో బ్రిటిషు సేనలు ఎలాస్‌తో యుద్ధం చేశాయి. 1945 ఫిబ్రవరి 12న వర్కిజా ఒప్పందంతో ఎలాస్ ఆయుధాలు అప్పగించింది.

తర్వాత జరిగినది ప్రతీకారం. ప్రజాన్యాయస్థానంలో తీర్పు చెప్పిన రైతు నేరస్థుడుగా అదే బోనులో నిలబడ్డాడు. ప్రతిఘటనకోసం ధాన్యం పన్ను వసూలు చేసినవాడి మీద దోపిడీ కేసు వచ్చింది. 1946 నుంచి 1949వరకు అంతర్యుద్ధం. గెరిల్లాలకు తిండి, సమాచారం అందకుండా చేయడానికి ప్రభుత్వ సైన్యం కొండపల్లెలను ఖాళీ చేయించింది. దేశం మొత్తం మీద నిరాశ్రయులైనవారు ఏడు లక్షలని అంచనా. యుద్ధం ముగిసిన తర్వాత చాలామంది తిరిగి రాలేదు. ఉద్యోగానికి, లైసెన్సుకు, చదువుకు పోలీసులిచ్చే రాజకీయ నడవడి పత్రం కావలసివచ్చింది. ఈ విధంగా సభలో నోరు విప్పడం నేర్చిన తరం నోరు మూసుకోవడం నేర్చుకున్నది.

కొరిస్ఖాదెస్ తీర్మానాలు మాత్రం చావలేదు. స్త్రీలకు పూర్తి వోటు హక్కు 1952లో చట్టమయింది. సాధారణ ఎన్నికల్లో వాళ్ళు దాన్ని వినియోగించినది 1956లో. ప్రజల భాష విద్యకూ పాలనకూ అధికారభాష కావడానికి 1976 రావలసి వచ్చింది, అదీ సైనిక నియంతృత్వం కూలిన తర్వాత. ఎయామ్, ఎలాస్‌లను జాతీయ ప్రతిఘటనలో భాగంగా గుర్తించిన చట్టం 1982లో వచ్చింది. చిన్న పల్లెబడిలో పదునాలుగు రోజుల్లో అంగీకరించిన విషయాలను ఒప్పుకోవడానికి పాలకవర్గాలకు ఒకదానికి ఎనిమిదేళ్ళు, ఇంకొకదానికి ముప్పై రెండేళ్ళు పట్టాయి. స్వపరిపాలన, ప్రజాన్యాయం అన్న రెండు అంశాలను ఇంతవరకు ఒప్పుకోనే లేదు.

ఒప్పుకోకపోగా చరిత్ర వెనక్కు నడిచింది. 1997లో 'కపొదిస్త్రియాస్' అనే పేరుతో చేసిన చట్టం ఆరువేలకు చేరువగా వున్న స్థానిక సంస్థలను కలిపి వెయ్యి చిల్లరకు తగ్గించింది. 2010లో దేశం అప్పుల్లో మునిగి, అంతర్జాతీయ ద్రవ్యనిధి, యూరపు సంస్థల షరతులకు లోబడిన సంవత్సరంలో, 'కల్లిక్రాతిస్' చట్టం వచ్చింది. పార్థెనాన్ వాస్తుశిల్పి పేరు పెట్టుకున్న ఈ చట్టం 2011 జనవరి నుంచి దేశం మొత్తాన్ని 325 పురపాలక విభాగాలుగా కుదించింది. ఎవ్రితానియా కొండలన్నిటికీ కలిపి మిగిలినవి రెండే: కార్పెనీసి, అగ్రఫా. కొరిస్ఖాదెస్ కార్పెనీసిలో ఒక చిన్న భాగమయింది. ఇటువంటి పల్లెలకు ఇప్పుడు పేరుకు ఒక ప్రతినిధి వుంటాడు. బడ్జెటు, నిర్ణయం పట్టణానివి. ఖర్చు తగ్గుతుంది, సామర్థ్యం పెరుగుతుంది అన్నది పాలకుల వాదం. పల్లెల్లో జనం తగ్గిన మాట నిజమే. వందమంది లేని ఊరు రోడ్డును, నీళ్ళను ఒంటరిగా నిర్వహించుకోలేదు. కాని ఊళ్ళు కలిసి పనిచేయడం ఒకటి, ఊరిసభనే తీసివేయడం ఇంకొకటి. 1833లో బవేరియా దొరలు చేసిన పనికీ దీనికీ పేర్లలో ప్రాచీన గౌరవం కూడా ఒకటే.

కొరిస్ఖాదెస్ బడి ఇప్పుడు జాతీయ ప్రతిఘటన మ్యూజియం. సందర్శకులు వస్తారు, ఛాయాచిత్రాలు చూస్తారు. మే నెలలో పూలమాలలు వేస్తారు. ఇది అవసరమే, దశాబ్దాలపాటు ఆ జ్ఞాపకాన్ని నేరంగా చూసిన దేశంలో ఇది చిన్న విజయం కాదు. కాని సభను గౌరవించే రాజ్యం ఆ సభ కోరిన అధికారాన్ని పల్లెకు ఇవ్వలేదు. పాలకవర్గాలు ప్రజల సంస్థలను బ్రతికుండగా అణచి, చచ్చిన తర్వాత సన్మానిస్తాయి. సన్మానాన్ని అధికారంగా పొరబడకుండా వుండడం మన విద్యార్థులు నేర్చుకోవలసిన మొదటి విషయం.

రెండవ విషయం మన నాలుగు ప్రశ్నలలో వున్నది. సుల్తాను కాలపు కినోతితకు సభ వుంది, అందరికీ చోటు లేదు. బవేరియా దీమోస్‌కు చట్టం వుంది, ఊరు లేదు. 1912 సముదాయానికి ఎన్నిక వుంది, తీర్పు, పన్ను, భాష లేవు. 2011 విభాగానికి లెక్కల యంత్రాలున్నాయి, సభ లేదు. పన్ను, తీర్పు, వోటు, భాష నాలుగూ ఒక్కసారిగా ఊరి చేతికి వచ్చినది యుద్ధం, ఆకలి, శత్రుసేనల మధ్య, రెండేళ్ళకు తక్కువకాలం మాత్రమే. అది లోపాలతోనే వచ్చింది, తుపాకుల మధ్యనే నడిచింది. అయినా అది సాధ్యమేనని ఋజువైంది. పల్లెజనానికి పాలన చేతకాదు, వాళ్ళకు ఇంకా చదువు రావాలి, ఇంకా కాలం పట్టాలి అని చెప్పే ప్రతివాడికీ క్లిత్సోస్ రైతులు నడిపిన న్యాయస్థానం సమాధానం. చదువు వచ్చిన తర్వాత వాళ్ళు పాలించలేదు; పాలిస్తూనే చదువు నేర్చుకున్నారు.